వాసన: ఆహ్లాదకరం

మూడు గాజుగొట్టాల్లో రెండు అయిపోయాయి, ఇక మిగిలింది రువారె ఊరి నీళ్ళదే. ముస్వోస్వి గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. ప్రభుత్వ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళుగా ఊరూరి నీళ్ళూ పరీక్షిస్తున్న మనిషికి తొందరేముంటుంది, కౌన్సిల్ హాలులో రెండువందల మంది ఊపిరి బిగబట్టి కూచున్నా ఆయన కళ్ళజోడు ఆయన తీరిగ్గానే తుడుచుకుంటారు. ముందు వరస బెంచీ చివర కూచున్న ముచానెతాకి మాత్రం ఆ చొక్కా అంచు పట్టుకుని గుంజి, అయ్యా, కానివ్వండి, మీకు పుణ్యముంటుంది అని అరవాలని ఉంది. అరవదు, అరిస్తే ఇంకేమన్నా ఉందా, ఇప్పటికే పెద్దజింక వంశపు ఆడపడుచులంటే, చిహేరాలంటే, నోరూ పెద్దది మొండితనమూ పెద్దది అని దేశమంతా నవ్వుకుంటుంది, దానికి తను ఇంకో సాక్ష్యం ఇవ్వడం ఎందుకు. అందుకే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన బూట్ల వైపు చూస్తోంది. ఎడమ బూటుకి తాడు లేదు, దాని బదులు పురికొస కట్టుకున్నారు. ఇంత నిజాయితీ గల బూట్లు వేసుకున్న మనిషి అబద్ధం రాయడు అనిపించింది, వెంటనే, కానీ రెండుసార్లు రాశారు కదా, ఏమీ లేదని రాసింది ఈ మనిషే కదా అని కూడా అనిపించింది. పాపం ఆయన అబద్ధం రాయలేదు, ఆయన దగ్గరికి వచ్చిన నీళ్ళే అబద్ధం చెప్పాయి, ఎందుకు చెప్పాయో ఈ హాలులో ముగ్గురికే తెలుసు, ఆయనకీ, తనకీ, పక్కనే ఒళ్ళో సంచీ పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూచున్న ఎస్నాత్ వదినకీ.

మొదటి గొట్టంలో శుద్ధమైన నీళ్ళు, పొడి వేసి పది నిమిషాలు చూశారు, ఏ రంగూ రాలేదు. రెండో దాంట్లో ముస్వోస్వి గారు తన సొంత సీసాలోంచి రెండు చుక్కల క్రోమియం కలిపారు, నా పొడి పనిచేస్తోందో లేదో మీరు చూడాలి కదా అన్నారు, పొడి పడగానే ఊదారంగు తిరిగింది, అక్టోబరులో పట్నం రోడ్ల మీద జకరండా పూలు రాలినప్పటి రంగు, హాలంతా హమ్మ అంది. మూడూ ఒకేసారి చేసెయ్యొచ్చు, కానీ ఫ్యాక్టరీ తరఫున వచ్చిన గ్వెంజి, ఒకదాని తర్వాత ఒకటి చెయ్యండి, రేపు ఇది అందులో కలిసింది అది ఇందులో కలిసింది అనకూడదు అని పట్టుబట్టాడు. ఇప్పుడేమో లేచి మూడో సీసా మూత మీది లక్కముద్రని వంగి వంగి చూస్తున్నాడు. నిన్న పొద్దున ఆ ముద్ర వేసినప్పుడు పక్కనే ఉన్నాడు, వేలు కూడా కాల్చుకున్నాడు, అయినా చూస్తున్నాడు. చూడనీ. నిన్న పొద్దున ముస్వోస్వి గారే స్వయంగా వచ్చి కుళాయి ఐదు నిమిషాలు వదిలేసి, ఉడకబెట్టి కడిగిన గాజు సీసాలో పట్టి, ఐసు పెట్టెలో పెట్టుకుని వెళ్ళారు, సీసా ముట్టుకోవడానికి ఎవ్వర్నీ దగ్గరికి రానివ్వలేదు, ముఖ్యంగా ఎస్నాత్ వదినని. అంతా పద్ధతిగానే జరిగింది, ఒక్క వాన తప్ప. మూడు రోజుల పాటు ఆగకుండా కురిసింది, ఆ నీరంతా నేలలోకి దిగి బోరులోకి చేరి ఉంటే ఆ విషం పలచబడిపోయి ఉండదా, ఈ ఒక్కరోజు పలచబడితే చాలు కదా తన కొంప మునగడానికి. వాన వల్ల తగ్గుతుందా అండీ అని నిన్న అడిగితే ఆయన, తగ్గనూ వచ్చు, పెరగనూ వచ్చు, నేల కడుపులో ఏముందో నాకేం తెలుసమ్మా అన్నారు.

జోస్ఫాత్ ఉంటే తెలిసేది. జోస్ఫాత్‌కి నేల కడుపూ తెలుసు, కొలిమి కడుపూ తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి క్రోమియం రాయి కరిగించాడు, పెళ్ళయిన ఆరో ఏట ముక్కు లోపలి గోడకి చిల్లు పడింది, ఆ పనిలో ఉన్న వాళ్ళలో సగం మందికి పడేదే, వాళ్ళు దాన్ని జబ్బు అనుకునేవాళ్ళు కాదు, అనుభవానికి గుర్తు అనుకునేవాళ్ళు, చిల్లు పడని కుర్రవాళ్ళని పట్టుకుని నువ్వింకా పచ్చివాడివిరా అని ఏడిపించేవాళ్ళు. నవ్వినప్పుడల్లా ఆయన ముక్కులోంచి సన్నగా ఈల వచ్చేది. పెళ్ళాంతో పోట్లాట పెట్టుకుని ముఖం గంటు పెట్టుకుని కూచున్నా లోపల నవ్వు వస్తే ముక్కు ఈల వేసి పట్టిచ్చేసేది, ఇక ఆ పోట్లాట ఏం సాగుతుంది. ఆ ఈల వినక మూడేళ్ళయింది. ఏ జబ్బుతో పోయాడో ఆస్పత్రిలో నాలుగు పేర్లు చెప్పారు, నాలుగూ రాసుకుంది, ఏ ఒక్కటీ ఆయన్ని తిరిగి తేలేదు. పోవడానికి ముందు ఏడాది, వాకిట్లో తెల్ల పింగాణీ బేసినులో కాళ్ళు కడుక్కుంటూ కడుక్కుంటూ ఆగిపోయి, చిహేరా, ఇటు రా, ఈ నీళ్ళు చూడు అన్నాడు. ఏముంది చూడ్డానికి, నీళ్ళు. కాదు, అడుగున చూడు, పసుపు జాడ కనిపించడం లేదూ, ఈ పసుపు నాకు తెలుసు, దీంతో ఇరవై ఏళ్ళు కాపురం చేశాను, ఫ్యాక్టరీ బూడిదగుట్ట కింద నించి బోరు దాకా నడిచొచ్చేసింది ఇది. ఆమె ఆ బేసినులో ఎంత చూసినా ఆయన కాళ్ళే కనిపించాయి. నీకు వయసు మీద పడి కళ్ళు పసుపెక్కాయి అంది. ఎందుకన్నాను ఆ మాట అని ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. మాట అనేశాక తిరిగి నోట్లోకి పోదు, ఆయన మాత్రం ఆ మాటకి నవ్వాడు, ఈల వచ్చింది, అదొక్కటే ఊరట.

గ్వెంజి ముద్ర చూడ్డం అయిపోయి తన కుర్చీలో కూచున్నాడు. నీలం టై, నున్నగా గీసిన గడ్డం, ఎదురుగా బల్ల మీద దుకాణంలో కొన్న నీళ్ళ సీసా. ఊళ్ళోకి ఎప్పుడొచ్చినా ఆ సీసా తోడుండాల్సిందే, ఒక్క రోజు తప్ప, ఆ ఒక్క రోజూ ఇదే హాలులో ఊరంతటినీ బుట్టలో వేసుకున్నాడు. మన దగ్గర ఎవరికైనా తాగడానికి ఏదైనా ఇస్తే ఇచ్చేవాళ్ళు ముందు ఒక గుక్క తాగి చూపించాలి, ఇందులో చేతబడి లేదు, విషం లేదు, నా మనసులో కల్మషం లేదు అని దాని అర్థం, పెళ్ళిలో కల్లుకుండకైనా అంతే, పొలంలో కూలివాళ్ళకి పోసే అంబలికైనా అంతే. గ్వెంజి ఆ రోజు రువారె కుళాయి నీళ్ళు గ్లాసులో తెప్పించి అందరికీ కనిపించేలా పైకెత్తి, మన పెద్దల పద్ధతిలో ముందు నేను తాగుతున్నాను, చేతబడి తీసేస్తున్నాను, ఆ తర్వాత మీ ఇష్టం అని గటగటా తాగేశాడు. హాలంతా చప్పట్లే చప్పట్లు. ముసలివాళ్ళు చేతులు గుల్లగా పట్టి చరిచారు, ఇంత మర్యాద తెలిసిన పిల్లాడు అబద్ధం ఆడతాడా అన్నారు. ఒక గ్లాసు తాగితే ఎవడికీ ఏమీ కాదు, రోజూ తాగేవాళ్ళ సంగతి, పుట్టబోయే వాళ్ళ సంగతి ఏమిటి అని ముచానెతా అడగాలని అనుకుంది, అడిగేలోపు సభ అయిపోయింది, మరుసటి రోజు పంపు దగ్గర ఆడవాళ్ళు, చిహేరా, నీ ఊదారంగు నీళ్ళు ఏవమ్మా, నా పాత గుడ్డకి రంగు వేయించుకోవాలి అని ఇకఇకలాడారు. నవ్వారు, నవ్వి ఆ నీళ్ళే బిందెల్లో పట్టుకుపోయారు. నవ్వినందుకు కాదు ఆమె ఏడ్చింది, పట్టుకుపోయినందుకు.

ఊదారంగు నీళ్ళు ఆమె కళ్ళతో చూసింది, కల కాదు. విశ్వవిద్యాలయం నుంచి చదువుకోసం వచ్చిన పిల్ల ఒకతి, సన్నగా పుల్లలా ఉండేది, వాళ్ళింట్లో పదిరోజులుండి పోతూ పోతూ చిన్న అట్టపెట్టె ఇచ్చింది, అందులో ఇరవై పొట్లాలు. అత్తయ్యా, క్రోమియం రెండు రకాలు, ఒకటి మందకొడిది, దాంతో మనకి పెద్ద పేచీ లేదు, రెండోది దూకుడుది, పసుపు రంగుది, అసలు విషం అదే, ఈ పొడి ఆ రెండోదాన్నే పట్టిస్తుంది, నీళ్ళలో అది ఉంటే ఊదా అవుతుంది, లేకపోతే ఏమీ అవదు అని చెప్పింది. ఆ పిల్ల వెళ్ళిన మర్నాడు కుళాయి నీళ్ళు గాజుగ్లాసులో పట్టి పొడి వేస్తే ఊదా. ఆ పై వారం వేస్తే ఊదా. జోస్ఫాత్ ఫోటో ముందు గ్లాసు పెట్టి, నీ కళ్ళు బాగానే ఉన్నాయయ్యా, నా కళ్ళకే ఏదో వచ్చింది అని చెప్పుకుంది. పంపు కమిటీకి కార్యదర్శి తనే కాబట్టి తీర్మానం రాయించింది, నీళ్ళు పట్నం ప్రయోగశాలకి పంపాలని. తను పంపు బాగుచేయించడానికి పక్క ఊరు వెళ్ళాల్సి వచ్చి, వదినగారూ, రెండు సీసాలు నింపి బస్సు డ్రైవరుకి ఇవ్వండి అని చెప్పి వెళ్ళింది. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. దూకుడు క్రోమియం: కనపడలేదు. రంగు: లేత పసుపు. వాసన: ఆహ్లాదకరం. నాలుగు నెలల తర్వాత బతిమాలి మళ్ళీ పంపించింది, మళ్ళీ అదే ఉత్తరం, ఒక్క అక్షరం పొల్లుపోలేదు, వాసన: ఆహ్లాదకరం. నీళ్ళకి ఆహ్లాదకరమైన వాసన ఏమిటని తనకి తట్టాలా వద్దా. తట్టలేదు. కనపడలేదు అన్న మాట దగ్గరే కళ్ళు ఆగిపోయాయి, కింద ఏముందో ఎవరు చూస్తారు.

"సరే, మొదలుపెడుతున్నాను," అన్నారు ముస్వోస్వి గారు. లక్కముద్ర టప్పున విరిగిన చప్పుడు. నీళ్ళు గొట్టంలోకి పోస్తున్న చప్పుడు, ఇంత చిన్న చప్పుడు ఇంత పెద్ద హాలులో వినిపిస్తోందంటే జనం ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో. ముచానెతా తల వంచుకుంది. పెద్దవాళ్ళ ముందు ఆడది తల వంచుకోవడం మర్యాద కదా, ఎవరైనా చూస్తే మర్యాద అనుకుంటారు, అసలు సంగతి భయం. ముందు ఆమ్లం చుక్కలు, తర్వాత పొడి, పొట్లం చింపుతున్న చప్పుడు, తను పంతొమ్మిదిసార్లు చింపింది, ఆ చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడుతుంది. చూడను. పది నిమిషాలూ చూడను. గడియారం చూస్తాను, కాదు, గడియారం అక్కర్లేదు, బూట్లు చూస్తాను, ఈ పురికొసని చూస్తాను. ఇందులో ఊదా రాకపోతే సోమవారం నించి బడికీ ఆస్పత్రికీ ఇదే బోరు పైపు కలిపేస్తారు, కందకం తవ్వేశారు, పైపులు తెచ్చి దారి పక్కన పరిచేశారు, నాలుగు వందల మంది పిల్లలు ఆ కుళాయికి నోరు పెట్టి తాగుతారు, నోరు పెట్టొద్దురా అన్నా వింటారా. ఊదా రాకపోతే కమిటీ పుస్తకం అప్పగించేసి పంపు దగ్గర అందరి ముందూ మోకాళ్ళ మీద కూచుని చేతులు చరిచి తప్పయిందని చెప్పాలి, ఈ మూడో పరీక్ష కోసం కౌన్సిల్ ముందు ఆమె ఇచ్చిన మాట అది, ఇయ్యకపోతే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. మోకాళ్ళదేముంది, రోజూ పొలంలో వంగే మోకాళ్ళే. కానీ చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి నోరు ఎట్లా వస్తుంది.

పక్కన వదిన సంచీలో ఏదో గలగలమంది. ఏం తెచ్చిందో, ఈవిడ సంచీ ఎప్పుడూ ఒక చిన్న దుకాణమే. ఎస్నాత్ వదిన జోస్ఫాత్‌కి పదేళ్ళు పెద్ద, తల్లి పోతే తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది, మన దగ్గర మగవాడి అక్క అంటే ఇంట్లో ఆడరూపంలో ఉన్న మగవాడే, ఆవిడ మాటకి ఎదురు లేదు, ఇంట్లోనైతే ఆవిడ ఎదురుగా మరదలు బల్ల మీద కూచోదు. ఆవిడకి ఒక పద్ధతి ఉంది. నారింజ షర్బతు అయిపోయిన పెద్ద సీసాలు పారెయ్యదు, అవి అతిథుల సీసాలు, నీళ్ళు నింపి పెడుతుంది, నింపాక ఒక్క మూతెడు షర్బతు అందులో వేస్తుంది, ఎవరైనా ఇంటికొచ్చి దాహమంటే ఉత్త నీళ్ళు ఎట్లా ఇస్తాం, మనం ఏమన్నా దిక్కులేని వాళ్ళమా అంటుంది. మొన్న జనవరిలో చర్చి పాస్టరు వస్తున్నారని సీసా నింపుతుంటే ముచానెతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. వదినగారూ, ఏం వేస్తున్నారు. అదే, ఎప్పుడూ వేసేదే. అందరికీ వేస్తారా. అందరికీ వెయ్యక, పట్నం ఆఫీసు వాళ్ళకి పంపినప్పుడు కూడా వేశాను, వాళ్ళకి ఒక్కొక్క మూత ఎక్కువే వేశాను, పెద్ద పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళు మన నీళ్ళు నోట్లో పోసుకుని రుచి చూస్తారు కదా, రువారె వాళ్ళు చప్పిడి నీళ్ళు పంపారని అనుకోరూ. ముచానెతా ఆ సీసా అందుకుని మూతి దగ్గర ముక్కు పెట్టింది, ఆహ్లాదకరం. నీళ్ళని పరీక్షించడమంటే తాగి చూడ్డమే అనుకుంది ఆవిడ, పాపం, ఇంకెలా అనుకుంటుంది, అరవై ఏళ్ళు ఆవిడ నీళ్ళని పరీక్షించింది అట్లానే కదా.

పెట్టెలో రెండే పొట్లాలు మిగిలాయి అప్పటికి. ఒక గ్లాసులో కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో అవే నీళ్ళలో కాసింత షర్బతు, రెండూ కిటికీలో పెట్టి ఒక పూట ఆగి ఒక పొట్లం షర్బతు గ్లాసులో వేసింది, ఊదా రాలేదు. రెండోది ఉత్త నీళ్ళ గ్లాసులో వెయ్యలేదు, దాచేసింది, ఆ ఒక్క పొట్లం పెట్టె అడుగున ఇప్పటికీ ఉంది. మర్నాడే మినీబస్సు ఎక్కి పట్నం పోయి ముస్వోస్వి గారి బల్ల ముందు నిలబడి షర్బతు కథంతా చెప్పింది. ఆయన నవ్వారు. బాగా నవ్వారు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. తర్వాత ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది, లేచి బీరువాలోంచి పాత కాగితాలు తీసి చూశారు. నారింజలో ఉండే పులుపు ఆ దూకుడు క్రోమియాన్ని మందకొడిగా మార్చేస్తుందమ్మా, అది నాకు తెలుసు, నా కుర్రాళ్ళకి పాఠం చెబుతాను కూడా, వాసన గురించి నా చేత్తో నేనే రాశాను, రెండుసార్లు రాశాను, అయినా నా బుర్ర పనిచెయ్యలేదు. మీ వాళ్ళ తప్పుకంటే నా తప్పే పెద్దది, నేను వస్తాను, ఊరందరి ముందూ చేస్తాను. ఎట్లా పొరపాటు జరిగిందో కౌన్సిల్‌కి ఏమని రాయమంటారు అని అడిగారు. సీసాలు శుభ్రంగా లేవు అని రాయండి, నింపించిన బాధ్యత కార్యదర్శిది కనుక నా పేరు రాయండి అంది. ఎస్నాత్ వదిన పేరు ఊళ్ళో ఎవరి నోటా పడనివ్వలేదు. సీసాలు కడుక్కోవడం కూడా రాదా చిహేరా నీకు అని అందరూ మొహం మీదే అన్నారు, పడింది. జోస్ఫాత్‌ని పెంచిన చేతులవి, ఆ చేతుల్ని ఊరి నోట్లో పడెయ్యడానికి తనకి మనసు రాలేదు. తన బదులు మరదలు మాట పడిందని వదినకి తెలుసో తెలియదో. ఆవిడ ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు, కానీ ఆనాటి నించి ముచానెతా నాలుగు మైళ్ళు నడిచి మిషన్ బడి దగ్గర ఊటకి బిందె పట్టుకుని బయల్దేరితే తనూ ఇంకో బిందె ఎత్తుకుని వెనకాలే వస్తోంది, మోకాళ్ళు పట్టేసినా సరే.

ఎంతసేపయింది. బూట్లు కదలడం లేదు. హాలులో దగ్గు కూడా వినిపించడం లేదు. మొదటి గొట్టం అప్పుడు కూడా ఇంతే నిశ్శబ్దం, అప్పుడు ఏమీ రాలేదు, రెండో దానికి హమ్మ అన్నారు, మరి ఇప్పుడు హమ్మ అనలేదేం. అనలేదంటే రాలేదన్నమాట. వాన. వాన కొంప ముంచింది. సరే, ముంచితే ముంచనీ, రేపు పొద్దున్నే పంపు దగ్గర కూచుంటాను, మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుంటాను, క్షమాపణ చెప్పేసి లేచి మర్నాడే మళ్ళీ బస్సెక్కుతాను, ఎండాకాలం రానీ, నేల ఎండనీ, నాలుగో పరీక్ష అడుగుతాను, ఐదోది అడుగుతాను, మా అమ్మ నాకు ముచానెతా అని పేరు పెట్టింది, అలసిపోయేది మీరే అని, అప్పట్లో ఎవరో ఇరుగమ్మలు తన మీద చాడీలు చెబితే వాళ్ళకి జవాబుగా కూతురికి ఆ పేరు పెట్టుకుంది, ఆ జవాబు నేను మోసుకు తిరుగుతున్నాను యాభై రెండేళ్ళుగా, అలసిపోయేది నేను మాత్రం కాదు. ఇట్లా అనుకోగానే చిత్రంగా భయం దిగిపోయింది. ఇన్నాళ్ళూ భయపడింది దేనికి, ఓడిపోతాననే కదా, ఓడిపోయాక కూడా మర్నాటికి ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళని ఎవరేం చెయ్యగలరు. తలెత్తింది.

ఎత్తేసరికి ఎస్నాత్ వదిన నోటి నించి కూత వచ్చింది. నాలుక ఆడిస్తూ, చెవులు గింగిర్లెత్తేలా, పెళ్ళికూతురు గడప దాటినప్పుడు పెట్టే కూత. దాని వెనకాల ఇంకొకరు, ఇంకో పదిమంది, హాలు పైకప్పు రేకులు లేచిపోతాయేమో అన్నట్టు కూతలు. మూడో గొట్టం ఊదాగా ఉంది. రెండో గొట్టం పక్కనే, దానికన్నా ముదురుగా, అనుమానానికి చోటు లేకుండా ఊదాగా ఉంది. జనం హమ్మ అనకపోవడం రంగు రాకపోయి కాదు, వచ్చిన రంగు ఆగకుండా ముదురుతూనే ఉంటే నోట మాట పడిపోయి. "ఉండాల్సిన హద్దు కన్నా ఆరు రెట్లు," అంటున్నారు ముస్వోస్వి గారు రంగుల అట్ట పక్కన గొట్టం పట్టుకుని, "వాన వల్ల తగ్గలేదు, బూడిదగుట్టని కడుక్కొచ్చి ఇంకా పెంచింది." ముచానెతాకి ఒళ్ళంతా తేలికయిపోయింది. గెలిచాను. గెలిచావయ్యా జోస్ఫాత్, నీ పసుపు గెలిచింది. ఇన్నేళ్ళు ఈ విషం తాగాం అని తెలిసి సంతోషపడుతున్నానా అని ఒక్క క్షణం సిగ్గేసింది, కానీ కనబడని శత్రువు కనబడింది, ఇప్పుడు దానికి రంగుంది, కొలత ఉంది, అందరి కళ్ళూ దాని మీదున్నాయి, సంతోషపడక ఏం చెయ్యాలి. గుండె నిండిపోయింది, చాలా, చాలా సంతోషంగా ఉంది.

"గొట్టం సరిగ్గా కడగలేదేమో చూడండి," అన్నాడు గ్వెంజి లేచి. "కిందటిసారి కూడా సీసాలు శుభ్రంగా లేవనే కదా ఈవిడ రాయించింది."

"సీసాలు శుభ్రంగానే ఉన్నాయి!"

అన్నది ఎస్నాత్ వదిన. లేచి నిలబడింది, సంచీ గుండెలకి హత్తుకుని. వదినగారూ, కూచోండి అని ముచానెతా ఆవిడ కట్టుకున్న గుడ్డ పట్టి లాగింది, ఆవిడ చెయ్యి విదిలించేసింది. "నువ్వుండు అమ్మాయ్. నీ నోరు పెద్దదంటారు గాని అదంతా ఉత్తదే, నెల రోజులుగా నా తప్పు కడుపులో పెట్టుకుని కూచున్నావు. అయ్యలారా, అమ్మలారా, సీసాలు నేను నింపాను. నీళ్ళలో షర్బతు కలిపాను. రెండుసార్లూ నేనే. పెద్దమనుషులు తాగుతారని కలిపాను. ఆ పులుపుకి విషం ముఖం చాటేసిందట, ఈయనగారు చెప్పారు. నా మరదలు నా పేరు బయటపెట్టకుండా మీ చేత మాటలు పడింది. ఇప్పుడు నవ్వుతారో తిడతారో నన్ను తిట్టండి."

హాలులో వెనకనించి ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత ఇక ఆపేవాళ్ళు లేరు, ముసలివాళ్ళు కర్రలు నేలకేసి కొట్టి మరీ నవ్వారు, కౌన్సిల్ అధ్యక్షుడు బల్ల మీద తల పెట్టేసుకున్నాడు, పంపు దగ్గర గుడ్డకి రంగు వేయించుకుంటానన్న ఆవిడ ముచానెతా మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ నవ్వుతోంది. ముచానెతా మాత్రం వదిన వైపే చూస్తోంది. అరవై దాటిన మనిషి, ఇంటికి పెద్ద, ఊరందరి ముందూ తన తప్పు తనే చెప్పుకుంది, మరదలి కోసం. ఇంతకన్నా ఏ పరీక్ష నెగ్గాలి ఎవరైనా.

"ఇంకో మాట గ్వెంజి బాబూ," అంటోంది వదిన, ఆవిడకి ఇప్పుడు ఊపు వచ్చింది. ముస్వోస్వి గారి సీసాలో మిగిలిన కుళాయి నీళ్ళు గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది. "ఆ రోజు చేతబడి తీశావుగా నాయనా, మా అందరి ముందూ. ఇవాళ కూడా తియ్యి. ముందు నువ్వు తాగు, వెనకాల మేం తాగుతాం."

గ్వెంజి గ్లాసు వైపు చూశాడు, గొట్టం వైపు చూశాడు, తన నీళ్ళ సీసా వైపు చూశాడు. "అది... నేను ఆఫీసులో మాట్లాడి..." అని నీళ్ళు నమిలాడు.

"పోనీ ఊరందరి నీళ్ళలోనూ మూతెడు మూతెడు షర్బతు పోయించు, మీ ఫ్యాక్టరీ వాళ్ళకి అంతకన్నా చవగ్గా అయ్యేదేముంది!" అని వెనక నించి ఎవరో అరిచారు. ఆ నవ్వుల్లోనే అధ్యక్షుడు లేచి కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుని చెప్పాడు, బోరు పంపుకి ఈ పూటే తాళం పడుతుందని, బడి పైపు కందకం పూడ్చేస్తారని, డ్యామునించి కొత్త పైపు వేసేదాకా ఫ్యాక్టరీ ట్యాంకర్లతో మంచినీళ్ళు పంపాలని, తాళంచెవి కమిటీ కార్యదర్శి దగ్గరే ఉండాలని. తాళంచెవి బరువుగా, చల్లగా ముచానెతా అరచేతిలోకి వచ్చింది. నాలుగు వందల మంది పిల్లల నోళ్ళు ఈ చేతిలో ఉన్నట్టనిపించి పిడికిలి మూసేసింది.

ముస్వోస్వి గారు కాగితం నింపుతున్నారు. దూకుడు క్రోమియం, అంకె రాశారు. రంగు, రాశారు. వాసన దగ్గర కలం ఆగింది, కళ్ళజోడు పైనించి ఆమె వైపు చూశారు. "ఏమీ లేదని రాయండి," అంది ముచానెతా. రాశారు, కింద ఆమె సంతకం పెట్టింది, పేరు పూర్తిగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా. అప్పుడు ఎస్నాత్ వదిన సంచీలోంచి అతిథుల సీసా తీసింది, పొద్దున మిషన్ ఊట దగ్గర నింపిన నీళ్ళు, నాలుగు మైళ్ళు మోసుకొచ్చింది, గలగలమన్నది అదన్నమాట. కప్పులో పోసి అందరూ చూస్తుండగా ముందు తను ఒక గుక్క తాగింది. తర్వాత మోకాళ్ళు వంచి రెండు చేతులతో కప్పు ముస్వోస్వి గారికి అందించింది. ఆయన లేచి నిలబడి అందుకుని తాగారు, మూతి తుడుచుకున్నారు, ఆయన కళ్ళు నవ్వాయి. మళ్ళీ నింపి మరదలికి ఇచ్చింది. ముచానెతా కప్పు నోటి దగ్గర పెట్టుకుంది, నారింజ వాసన ముక్కుకి తగిలింది, ఈ ఏడాదంతా ఆపుకున్న ఏడుపూ నవ్వూ ఒక్కసారి పొంగుకొచ్చి సన్నగా ఈల లాంటి చప్పుడు ఆమె గొంతులోంచే వచ్చింది. తాగింది. బాగా తియ్యగా ఉంది, వదిన ఈసారి రెండు మూతలు వేసినట్టుంది.